రొయ్యల గుంటలో మేత చల్లే పడవ రోబో: మోడల్ బాగున్నా తాళ్లకు ఎందుకు తగులుకుంటోంది?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: ఏరియేటర్లను (నీటిలో గాలి కలిపే యంత్రాలను) కెమెరా ఫొటోల్లో గుర్తించే మోడల్ ల్యాప్‌టాప్‌లో 95 శాతం సరిగ్గా చెబుతోంది, గుంటలో దింపితే రాస్‌ప్‌బెర్రీ పై 5 (పడవలోని చిన్న కంప్యూటర్ బోర్డు) మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోంది, పడవ ఏరియేటర్ తాళ్లకు తగులుకుంటోంది, ఇంకా ఫొటోలు తీసి ట్రెయిన్ చేయాలా అని.

ఇప్పుడే వద్దు తమ్ముడూ. ముందు కరెంటు సంగతి చూడు. పై 5కి 5 వోల్టులు, 5 ఆంపియర్లు కావాలి. మోటార్లకూ దానికీ ఒకే బక్ కన్వర్టర్ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చేది) పెడితే, మోటారు తిరగడం మొదలయ్యే క్షణంలో వోల్టేజీ పడిపోతుంది. 'వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్' (vcgencmd get_throttled) కమాండ్‌కు సున్నా వస్తే బాగున్నట్టు. 0x50000 వస్తే బోర్డు ఆన్ అయ్యాక ఎప్పుడో వోల్టేజీ పడింది, వేగమూ తగ్గింది. రీస్టార్ట్ అయితే ఈ గుర్తు చెరిగిపోతుంది కాబట్టి 10 సెకన్లకోసారి ఫైల్‌లో రాయించు, రాసిన ప్రతిసారీ సింక్ చేయించు (అంటే వెంటనే కార్డులోకి చేరేలా). పై 5కి బ్యాటరీ నుంచే విడిగా కన్వర్టర్ వెయ్యి. వైర్లు లావుగా, పొట్టిగా ఉండాలి.

మన నెల్లూరు మే ఎండలో మూసిన డబ్బాలో ఫ్యాన్ పెట్టినా తిరిగేది వేడిగాలే. 80 డిగ్రీలు దాటితే బోర్డు తనంతట తానే నెమ్మదిస్తుంది. చిప్ వేడిని థర్మల్ ప్యాడ్‌తో డబ్బా గోడకు బిగించిన అల్యూమినియం ప్లేటుకు అందించు, ప్లేటు రెండోవైపు బయట గాలికి ఉండాలి.

తర్వాత ఆలస్యం. పడవ సెకనుకు మీటరు పోతుంటే, 300 మిల్లీసెకన్ల పాత ఫ్రేము (వీడియోలోని ఒక్కో బొమ్మ) చూసి తిప్పే చుక్కాని 30 సెంటీమీటర్లు తప్పుతుంది. యూఎస్‌బీ కెమెరా బఫర్‌లో పాత ఫ్రేములు పేరుకుంటాయి. వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రాంలో పక్కన విడిగా నడిచే భాగంలో) చదువుతూ చివరిది మాత్రమే ఉంచుకో. టైమ్‌స్టాంప్ ఫొటో తీసిన క్షణానిది వెయ్యి, మోడల్ జవాబిచ్చిన క్షణానిది కాదు. రాస్ 2 (ROS 2, రోబో భాగాల ప్రోగ్రాములను కలిపే సాఫ్ట్‌వేర్) వాడితే, అందులో కెమెరా నోడ్ (కెమెరాను నడిపే ప్రోగ్రాం) 'బెస్ట్ ఎఫర్ట్'గా, అంటే అందితే అందింది అన్నట్టు పంపుతుంటే, వినే నోడ్ 'రిలయబుల్', అంటే తప్పక అందాలి అని అడిగితే మెసేజీలే రావు. కొత్తవాళ్లకు ఒక పూట దీంతోనే పోతుంది.

ఇక తాళ్లు. అసలు చిక్కు ఇక్కడే. 60 డిగ్రీల లెన్స్‌తో 5 మీటర్ల దూరంలో దాదాపు 5.8 మీటర్ల వెడల్పు కనబడుతుంది. దాన్ని 640 పిక్సెళ్లకు కుదిస్తే సెంటీమీటరు లావు తాడుకు దక్కేది ఒక్క పిక్సెల్. లక్ష ఫొటోలతో నేర్పినా, చిత్రంలో లేనిది మోడల్ ఎలా చూస్తుంది? తాడుకు మీటరుకొకటి 15 సెంటీమీటర్ల నారింజ రంగు బుడ్డీ (నీటి మీద తేలే బంతి) కట్టు. ఒక్కోదానికి 16 పిక్సెళ్లు దక్కుతాయి. లేదా తాళ్లున్న చోటును మ్యాప్‌లో నిషిద్ధంగా గీయి. మామూలు జీపీఎస్ అయితే చుట్టూ కనీసం 3 మీటర్లు వదులు.

ఆ 95 శాతం కూడా నమ్మకు. ఒకే వీడియో ఫ్రేములను కలగలిపి ట్రెయిన్‌కూ (నేర్పడానికీ) టెస్ట్‌కూ (పరీక్షించడానికీ) పంచితే రెండింట్లోనూ దాదాపు అవే బొమ్మలుంటాయి. గుంటలవారీగా విడదీయి, టెస్ట్‌కు మోడల్ ఎన్నడూ చూడని గుంట ఉండాలి. పొద్దున నీళ్ల మీద పడే తళుకు, ఏరియేటర్ నురగ, పక్షులు రాకుండా గుంట మీద కట్టిన దారాలు ఉండి ఏరియేటర్ లేని ఫొటోలు కూడా చేర్చు.

చివరగా, 500 మిల్లీసెకన్లు ఆదేశం రాకపోతే మోటార్లు ఆపే కోడ్ మోటారు కంట్రోలర్‌లో (మోటార్లను నడిపే విడి బోర్డులో) ఉండాలి, పై 5లో కాదు. పడవను తాడుతో గట్టుకు కట్టి, నడుస్తుండగా పై 5 కేబుల్ పీకి చూడు. మోటార్లు ఆగాకే తాడు విప్పు.