‘ఐపీ పెట్టినవాడు’ అన్న మాట మోయవలసిందేనా?

ప్రశ్న: మాది తిరుపతి. మా వారు దేవుడి పటాలు, ఇత్తడి కుందులు అమ్మే దుకాణాన్ని తొమ్మిదేళ్ళు నడిపారు. 2020 మార్చిలో కొండపైన దర్శనాలు ఆగిపోయాక అమ్మకాలు లేవు. యాత్రికులు మళ్ళీ వస్తారన్న నమ్మకంతో, దుకాణం అద్దె కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. మరుసటి ఏడు దుకాణం మూసి, నా నగలు, ఊరిలోని అరెకరం అమ్మి చాలావరకు తీర్చారు. ఇంకా ఇద్దరికి కలిపి రెండు లక్షలు ఇవ్వాలి. ఇప్పుడు వేరొకరి దుకాణంలో జీతానికి ఉన్నారు. మళ్ళీ చిన్నగా సొంత దుకాణం పెట్టాలని ఆయన కోరిక. మామగారు వద్దే వద్దంటున్నారు. మొన్న ఒక పెళ్ళిలో దగ్గరి బంధువే మా పిల్లల ఎదుట ‘ఐపీ పెట్టినవాడికి మళ్ళీ వ్యాపారమా’ అన్నారు. నిజానికి మేము కోర్టు గడప తొక్కలేదు. ఆయనకు ధైర్యం చెప్పాలా, ఆపాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందుగా మిమ్మల్ని బాధించిన ఆ మాట సంగతి చూద్దాం. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, అంటే తన అప్పులు తీర్చలేనని, తనను దివాలాదారుగా ప్రకటించమని మనిషి కోర్టులో వేసుకునే దరఖాస్తు. కంపెనీల కోసం 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా, మీ వారిలాంటి చిన్న వ్యాపారులకు ఇప్పటికీ వర్తిస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. ఆస్తిని ముందే అయినవారి పేరిట మార్చి, ఆ తరువాత ఈ దరఖాస్తు వేసినవారిని మన ఊళ్ళలో అందరం చూశాం. వారిని నమ్మి చీటీలు కట్టి మునిగిన కుటుంబాల ఏడుపు ఆ మాటలో ఉంది కనుక, ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. ఉన్నదంతా అమ్మి అప్పు కట్టినవారి మీద కూడా అదే మాట పడటం మాత్రం అన్యాయం.

వందేళ్ళ కిందటి ఆ చట్టమే ఈ ఇద్దరినీ వేరుచేసి చూసింది. రుణ విముక్తి ఇచ్చే ముందు కోర్టు కొన్ని సంగతులు పరిశీలించాలని అందులో ఉంది: ఆస్తి రూపాయి అప్పుకు ఎనిమిది అణాలైనా, అంటే సగమైనా రాకపోతే, అందుకు తన చేతిలో లేని కారణాలున్నాయని ఆ మనిషి చూపగలిగాడా, అంతకుముందు మూడేళ్ళ లెక్కల పుస్తకాలు సరిగా ఉంచాడా, తీర్చే దారి లేకుండానే అప్పు చేశాడా, జూదానికో దుబారాకో పోయాడా అని. తన దుష్ప్రవర్తన ఏమీ లేకుండా దురదృష్టం వల్లనే దివాలా తీశాడని కోర్టు ధ్రువపత్రం ఇస్తే, స్థానిక సంస్థలకు ఎన్నిక కాకూడదన్న అనర్హత కూడా తొలగిపోతుంది.

ఈ ప్రశ్నలనే మీ వారు తనకు తాను వేసుకోవాలి. దర్శనాలు ఆగిపోవడం ఆయన చేసినది కాదు. జూన్‌లో మళ్ళీ మొదలైనప్పుడు కూడా భక్తులను పరిమితంగానే అనుమతించారు. యాత్రికుల మీదనే ఆధారపడిన దుకాణం ఆ దెబ్బకు నిలవలేకపోవడం ఆయన చేతకానితనం కాదు. కానీ అమ్మకమే లేని దుకాణానికి అద్దె కట్టడం కోసం ఏడాదికి నూటికి ముప్పై ఆరు రూపాయలు పడే వడ్డీకి అప్పు తేవడం ఆయన నిర్ణయం, అది పొరపాటు. రెంటినీ కలిపి ‘నా ఖర్మ’ అనుకుంటే ఆ పొరపాటు రెండో దుకాణంలోనూ వెంటవస్తుంది; కలిపి ‘నేను పనికిరాను’ అనుకుంటే రెండో దుకాణమే ఉండదు.

2025లో మన చిత్తూరు ప్రాంతపు తోతాపురి మామిడి రైతులకు ఏమైందో మీ మామగారికి గుర్తుచేయండి. ముందటి ఏటి గుజ్జు అమ్ముడుపోక ఫ్యాక్టరీలలో నిలిచిపోయి, కాయను కొనేవారే కరువైనప్పుడు, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, రాష్ట్ర ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందని నిర్ణయించారు. నష్టపోయిన ఆ రైతును వ్యవసాయం చేతకానివాడని ఊరిలో ఎవరూ అనలేదు, మరుసటి ఏడు తోటకు నీరు పెట్టవద్దని కన్నతండ్రీ అనలేదు. దుకాణదారుడికి కూడా చెడ్డ ఏడు వస్తుందని ఒప్పుకోవడానికి మాత్రం మనకు ఎందుకో మనసు రాదు.

కనుక ఆయనను ఆపకండి. అయితే పెట్టుబడికి మళ్ళీ వడ్డీ వ్యాపారి గడప ఎక్కవద్దు. ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా హామీ ఆస్తి లేకుండా బ్యాంకులు రుణం ఇస్తాయి. మొదటి సరుకుకు అంతకు మించకపోవడమే మంచిది. ఈసారి యాత్రికులు లేని నెలల్లో కూడా వీధిలోని వారు కొనే సరుకు కొంత ఉండాలి. ఎన్ని నెలలు వరుసగా నష్టం వస్తే మూసివేయాలో తెరవకముందే ఇద్దరూ కూర్చొని కాగితం మీద రాసుకోండి. మీ మామగారి భయం వెనుక పోయిన అరెకరం ఉంది. ఆ కాగితం ఆయనకే ఇచ్చి దాచమనండి.

తెరవడానికి ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. బాకీ ఉన్న ఆ ఇద్దరి ఇళ్ళకు మీ వారు స్వయంగా వెళ్ళి, కొత్త దుకాణం సంగతి తానే చెప్పి, నెలకు ఎంత కట్టగలరో రాసి ఇవ్వాలి. పెద్ద పిల్లవాడికి ఊహ తెలిసే వయసైతే వాడిని కూడా వెంట తీసుకువెళ్ళండి. పెళ్ళిలో ఆ మాట విన్నవాడు, తండ్రి ఆ ఇళ్ళలో ఏం చెబుతాడో కూడా వినాలి.