అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ ముందు నిలబడితే అసలు దేన్ని చూడాలి?

అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల్లో (మనిషి, చెట్టు లాంటి గుర్తుపట్టే రూపం లేకుండా రంగులు, ఆకారాలతో వేసేవి) ఏం గీశారో అర్థం కాక అర నిమిషంలో పక్క బొమ్మకి వెళ్లిపోతున్నానని మీరు రాశారు. నాకు తెలిసిన దారి ఒకటే. "ఇదేమిటి" అన్న ప్రశ్నని కాసేపు పక్కన పెట్టి "దీన్ని ఎలా వేశారు" అని అడగండి. అప్పుడు కళ్లకి పని దొరుకుతుంది.

నాకిది పట్టుబడింది ఢిల్లీలో, ఇండియా గేట్ దగ్గరున్న నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో, చిత్రకారుడు వి.ఎస్. గైతోండే అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల ముందు. గైతోండే (1924–2001) నాగపూర్‌లో పుట్టి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. ఆ తర్వాతి కాలంలో బ్రష్ కంటే రోలర్, పాలెట్ నైఫ్ (రంగు పూయడానికి, గీకడానికి వాడే పలచని కత్తి) ఎక్కువ వాడారు. రంగు పూయడం, దాని మీద ఇంకో పూత, కొంత గీకెయ్యడం, కాగితం ముక్కలతో ఆకారాలు దించడం, ఇలా సాగేది పని. ఈ సంగతి తెలిసి చూస్తే బొమ్మ మారిపోతుంది. దూరం నుంచి అంతా ఒకే రంగు అనిపిస్తుంది. దగ్గరికెళ్లి, కాస్త పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి. వెలుతురు పడే తీరు మారి గరుకు, నునుపు, మందం, పలచన విడివిడిగా బయటపడతాయి. పాత ఇంటి గోడకి సున్నం పెచ్చు ఊడితే వెనకటి రంగు తొంగిచూసినట్టు, పై పూత కింద ఇంకో రంగు కనిపిస్తుంది. నేనైతే అక్కడే ఎక్కువసేపు ఉండిపోతాను. ఏ పూత ముందు, ఏది తర్వాత అని వెతుక్కుంటుంటే టైమే తెలియదు.

రంగు గురించి ఇంట్లోనే ఒక పని చేసి చూడండి. ఒకే బూడిద రంగు కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి తెల్ల చార్ట్ మీద, ఒకటి నల్ల చార్ట్ మీద పెట్టండి. తెలుపు మీదది ముదురుగా, నలుపు మీదది లేతగా కనిపిస్తుంది. కాబట్టి బొమ్మలో ఎరుపు నచ్చితే ఆ ఎరుపుని మాత్రమే చూడకండి, దాని పక్కన ఏముందో చూడండి.

ఆకారానికొస్తే అంచులతో మొదలుపెట్టండి. మరో చిత్రకారుడు ఎస్.హెచ్. రజా, బిందువుని (గుండ్రటి చుక్కని) కేంద్రంగా పెట్టి వేసిన బొమ్మల్లో చాలావాటిలో వృత్తం, త్రిభుజం అంచులు తేటగా తెగి ఉంటాయి, చూపు సూటిగా నడిబొడ్డుకి పోతుంది. గైతోండే దగ్గర అంచు రంగులో కరిగిపోతుంది, చూపు ఎక్కడా ఆగదు. ఆయన ఆకారాలు కొన్ని ఏదో లిపిలా ఉంటాయి కానీ చదవబోతే అక్షరం దొరకదు.

"ఇలాంటివి పిల్లలు కూడా వేస్తారు కదా" అని కూడా అడిగారు. పిల్లల రంగుల్లో ఉత్సాహం నాకూ ఇష్టమే. కానీ గైతోండే ఏడాదికి కొన్ని బొమ్మలే పూర్తి చేసేవారు. ఎక్కడ ఆపాలో, ఎంత గీకాలో తేల్చుకోవడానికి పట్టిన ఆ కాలం కాన్వాస్ మీద కనిపిస్తుందనే నా నమ్మకం.

ఫోన్‌లో చూసి మాత్రం తేల్చేయకండి, స్క్రీన్ మీద గరుకు రాదు. హైదరాబాద్‌లో ఉంటే మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ప్రదర్శన ఉన్నప్పుడు వెళ్లి, ఒక్క బొమ్మ ఎంచుకుని పది నిమిషాలు దాని దగ్గరే ఉండండి. వేసినవారు అక్కడుంటే అర్థం అడగొద్దు. ముందు ఏ రంగు వేశారో అడగండి. నేను అలా అడిగినప్పుడల్లా బొమ్మ దగ్గరికి తీసుకెళ్లి మరీ చూపించారు.