బ్రేకు తొక్కితే వెనకవాడికి తెలియాలిగా!

ప్రశ్న: గురువుగారికి నమస్కారమండి. మాది మలికిపురం దగ్గర ఒక పల్లెటూరు. తాతగారు 1972లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఇంజిన్ బాగు చేయించాం, పెళ్లిళ్లకి కూడా తీస్తున్నాం. గొడవల్లా బ్రేక్ లైటుతోనే. మెల్లగా తొక్కితే వెలగదు, గట్టిగా తొక్కితే వెలుగుతుంది, ఒక్కోసారి అదీ లేదు. బ్రేకు పైపుకి బిగించి, రెండు వైర్లు తగిలించిన స్విచ్ అది. ఏడాదిలో రెండుసార్లు కొత్తది వేయించాను, నాలుగు నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. మొన్న చించినాడ వంతెన దిగుతుంటే వెనక కొబ్బరికాయల వ్యాను మా డిక్కీకి జానెడు దూరంలో ఆగింది, పైగా వాడు దిగొచ్చి నన్నే తిట్టాడు. పెడల్ దగ్గర వేరే స్విచ్ పెడదామని మెకానిక్ అంటున్నాడు. ఒరిజినల్ పోతుందని నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తిట్టాడంటే తిట్టడా అండీ! మీరు బ్రేకు వేశారని వాడికి తెలిసే దారేదీ? మెకానిక్ చెప్పిందే సరైన మాట. అయితే నాన్నగారిని నొప్పించకుండా చేసే ఉపాయం కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు తప్పు నిజంగా స్విచ్‌దేనా అని తేల్చుకోండి. తాళం ఆన్ చేసి, స్విచ్ మీది రెండు వైర్లూ పీకి ఒకదానికొకటి తాకించండి. వెనక లైట్లు నిండుగా వెలిగితే దొంగ స్విచ్చే. వెలగకపోతే ఫ్యూజు, బల్బు, హోల్డరు చూడాలి. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఎర్తు, అంటే కరెంటు బండి రేకు మీదుగా బ్యాటరీకి తిరిగెళ్లే దారి. సముద్రం గాలి తగిలే ఊళ్లలో లైటు వెనక రేకు తుప్పు పట్టి ఎర్తు పోవడం మామూలే. బ్రేకు తొక్కినప్పుడు లైటు మసకగా వెలిగి, పక్కనున్న ఇండికేటరు కూడా కొద్దిగా మెరుస్తుంటే అది ఎర్తు జబ్బే, స్విచ్‌ని ఆడిపోసుకోకండి. మీటరు ఉంటే పెడల్ తొక్కి పట్టుకుని స్విచ్ రెండు కొసల మధ్య ఓల్టేజి చూడండి, అర ఓల్టు దాటి చూపిస్తే లోపల కాంటాక్టులు కాలిపోయినట్టే.

ఎందుకు కాలతాయంటారా? మీరు తొక్కినప్పుడు పైపులో బ్రేక్ ఆయిల్ ఒత్తిడి పెరిగి స్విచ్ లోపలి పల్చటి పొరని నెడుతుంది, ఆ పొర చిన్న రాగి బిళ్లని రెండు కొసలకి ఆనిస్తుంది, అంతే దాని కథ. మీ బండికి వెనక 21 వాట్ల బల్బులు రెండు, అంటే 42 వాట్లు, 12 ఓల్టుల మీద మూడున్నర ఆంపియర్లు. చల్లగా ఉన్న ఫిలమెంటు వెలిగే మొదటి క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ కరెంటంతా ఆ చిన్న బిళ్ల మీదుగానే వెళ్లాలి. తొక్కిన ప్రతిసారీ, వదిలిన ప్రతిసారీ ఒక నిప్పురవ్వ. నల్లటి మసి పేరుకునే కొద్దీ ఇంకా గట్టిగా ఆనితే తప్ప కరెంటు దాటదు, అందుకే మీరు గట్టిగా తొక్కితే వెలిగి, మెల్లగా తొక్కితే వెలగనిది. కొత్తది వేసినా అదే బరువు మోస్తుంది కాబట్టి అదే గతి.

అసలు నాకీ రకం స్విచ్ మీద మొదటినుంచీ నమ్మకం లేదు. బ్రేకు పట్టడం మొదలయ్యాకే వెలుగుతుంది. ఇంకా ఘోరం, ఎక్కడైనా పైపు పగిలి ఆయిల్ కారిపోయిందనుకోండి, బ్రేకూ ఉండదు, లైటూ ఉండదు. పెడల్ స్విచ్‌కి ఆ బాధ లేదు, కాలు ఆనగానే వెలుగుతుంది.

ఇక ఉపాయం. పాత స్విచ్‌ని ఉన్నచోటే ఉంచండి. పెడల్‌కి కొత్త స్విచ్ పెట్టి, రెండిటినీ పక్కపక్కన కలిపి, రెండిట్లో ఏది పనిచేసినా లైటు వెలిగేలా ఒక రిలే మీదికి తెప్పించండి. రిలే అంటే చిన్న కరెంటు అందగానే పెద్ద కరెంటుని ఆన్ చేసే డబ్బా స్విచ్. నాలుగు కాళ్ల మామూలు 12 ఓల్టుల రిలే చాలు, ఏ కాలికి ఆ అంకె దాని మీదే రాసి ఉంటుంది. ఫ్యూజు నుంచి వచ్చే వైరు 30కి, అందులోంచే ఒక కొమ్మ రెండు స్విచ్‌లకీ, స్విచ్‌ల రెండో కొస 86కి, 85 ఎర్తుకి, 87 నుంచి వెనక లైట్లకి. పాత లూకాస్ కంపెనీ పద్ధతి వైరింగ్ అయితే స్విచ్‌కి వచ్చే వైరు ఆకుపచ్చ, లైట్లకి పోయేది ఆకుపచ్చ మీద ఊదా గీత. యాభై ఏళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో కాబట్టి రంగుని నమ్మకుండా టెస్ట్ ల్యాంపుతో చూసుకోండి. ఇప్పుడు స్విచ్ మోసేది రిలే కాయిల్ కరెంటు మాత్రమే, అది ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు. బరువు రిలే మోస్తుంది. రిలేని డ్యాష్‌బోర్డు కింద పొడిగా ఉన్నచోట బిగించండి.

పెడల్ పైనుంచి వేలాడేదైతే, వదిలినప్పుడు నొక్కుకుని ఉండి తొక్కగానే బయటికొచ్చే పుల్ల రకం స్విచ్‌ని చిన్న రేకు బ్రాకెట్ మీద పెట్టండి. నేల కిందనుంచి వచ్చేదైతే బైకు వెనక బ్రేకుకి ఉంటుందే, స్ప్రింగుతో లాగే స్విచ్, అది సుఖం. రబ్బరు తొడుగున్నది చూసి కొనండి, మన రోడ్ల నీళ్లకి తొడుగు లేనిది నిలవదు. రెండిట్లో ఏదైనా పెడల్‌ని నెట్టకూడదు, లాగి పట్టకూడదు. పెడల్‌కి మొదట్లో ఉండే కొద్దిపాటి ఆట అలాగే మిగలాలి, లేకపోతే బ్రేకులు పట్టేసి డ్రమ్ములు కాలిపోతాయి.

పాత స్విచ్ చుట్టూ తడి ఉంటే మాత్రం నాన్నగారి మాట కూడా వినొద్దు. లోపలి పొర చిరిగి బ్రేక్ ఆయిల్ బయటికొస్తున్నట్టు లెక్క. దాన్ని తీసి, అదే మరలున్న కొత్తదో, బిరడా బోల్టో వేయించాలి. పాతది చేత్తో పట్టుకెళ్లి మరలు కలుస్తాయో లేదో షాపులోనే తిప్పి చూడండి. తీసినప్పుడు పైపులోకి గాలి దూరుతుంది కాబట్టి మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి నాలుగిటికీ గాలి తీయించండి. ఆయిల్ చుక్క పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, తినేస్తుంది.

సంక్రాంతికి హైదరాబాదు అల్లుళ్ల కార్లు మన గట్ల మీదికి దిగకముందే ఈ పని చేయించేయండి.

ప్రశ్న: భీమవరం నుంచి రాస్తున్నానండి. నా పాత బుల్లెట్‌కి వెనక బ్రేక్ లైటు ఆరనే ఆరదు. బ్యాటరీ దిగిపోతోంది.

జవాబు: చెరువు గట్ల మీద తిప్పుతారా? స్విచ్ లోపలికి బురద దూరి పుల్ల వెనక్కి వెళ్లడం లేదేమో. స్ప్రింగు పీకి చూడండి. లైటు ఆరితే స్ప్రింగు మరీ బిగుతుగా ఉందని, స్విచ్‌ని కొంచెం పెడల్ వైపు జరపండి. ఆరకపోతే స్విచ్ మార్చేయండి, కడిగి వాడదామని చూడకండి, రెండు వానలకి మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.