తలపులా, తలుపులా?

సందేహం: మా ప్రార్థన కూటానికి కట్టిన ఫ్లెక్సీలో ‘మీ తలుపులకు కావలి ఉంచుకోండి’ అని వేశారు. ‘తలంపులకు’ అని ఉండాలి కదా అంటే, తలంపు, తలపు, తలుపు అన్నీ ఒకటేనన్నారు ఓ పెద్దాయన. నిజమేనా? ‘యాటిట్యూడ్’కి తెలుగు మాట కూడా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, జ్ఞానాపురం, విశాఖపట్నం

సమాధానం: తలంపు, తలపు ఒకటేనమ్మా. తలుపు వేరు. వలచు–వలపు లాగే తలచు–తలపు. ఇది బడిలో చదివిందే. తలంపులో సున్న ఎక్కడిదంటారా? మనం చెరిపేసిన అరసున్నకు అది ఆనవాలు. పాతవాళ్లు ‘తలఁపు’ అని రాసేవారు. హ్రస్వం మీద అరసున్న, నిండుసున్న రెండూ చెల్లుతాయి కనుక తలఁపు, తలంపు రెండూ నిలిచాయి. తలుపుకి ఏ సున్నా లేదు. అరసున్న దండగ అని అచ్చులోంచి తీసేశాక ఏఁడు (సంవత్సరం), ఏడు (సంఖ్య) కలిసిపోయాయి. ఇప్పుడు తలపుకీ తలుపుకీ తేడా కొమ్ము ఒక్కటే. అదీ ఫ్లెక్సీ వేసేవారి దయ!

పోతన పద్యం గుర్తుందా? చేతులారా శివుణ్ణి పూజించాలి, నోరు నొచ్చేలా హరికీర్తి పలకాలి అన్నాక, ‘దయయు సత్యంబు లోనుగాఁ దలఁపఁడేని’ అంటాడు. ఒక్క పాదంలో మూడు అరసున్నలు! మొదటిది ద్రుతానిది, అంటే మాట చివరి నకారానిది, దాని తాకిడికే ‘త’ కాస్తా ‘ద’ అయింది. నడిమిది మన తలఁపుది. చివరిది ‘వాఁడు’లో ఉన్నదే. చేయి, నోరు, ఆపైన తలపు. తలచడమంటే ఊరికే వచ్చిపోయే ఊహ కాదు, పూజలా అదీ చేయవలసిన పనే. చేయనివాడి పుట్టుక తల్లి కడుపుచేటన్నాడు. మీ కూటంలో ఈ పద్యం చదివినా ఎవరూ నొచ్చుకోరనుకుంటాను.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డిగ్రాంజెస్ దిగి, ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నది ఈ విశాఖలోనే. 1812లో సెరంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యాయి. అలాంటి ఊళ్లో ఒక్క మాట సరిచూసుకునే ఓపిక లేకపోతే ఎలా?

ఇక కావలి. కాచు నుంచే కావలి, కాపు, కాపరి వచ్చాయి. చెట్టు కాపు సంగతి వేరు. బైబిలు సామెతల గ్రంథంలో (4:23) ‘నీ హృదయమును భద్రముగా కాపాడుకొనుము’ అని ఉంది. ఆ ‘కొను’ వల్ల బాధ్యత మనదే. ఫిలిప్పీ పత్రికలో (4:7) ‘మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును’ అన్నచోట కర్త మనం కాదు, ‘దేవుని సమాధానము’. సమాధానమంటే అక్కడ శాంతి, నేను రాసే ఈ రకం కాదు. రెంటినీ కలిపేసి ‘ఉంచుకోండి’ అనడం నాకు అంతగా నచ్చలేదు.

యాటిట్యూడ్‌కి వైఖరి, దృక్పథం ఉన్నాయి. బీచ్ రోడ్డు కుర్రాళ్లు ‘వాడికి యాటిట్యూడ్ ఎక్కువ’ అంటే పొగరనే అర్థం. మీకు కావలసింది ‘క్రీస్తుయేసునకు కలిగిన యీ మనస్సు’ (ఫిలిప్పీ 2:5) అన్నదాంట్లోనే దొరుకుతుంది.

ఇంతకీ ఫ్లెక్సీ తప్పేనా? తప్పేననుకుంటాను. అయితే కీర్తనల్లో (141:3) ‘నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము’ అని ఉంది. మేమన్నది ఆ తలుపే అని పెద్దాయన వాదిస్తే కాదనలేను. బహువచనం ఎందుకొచ్చిందో మాత్రం ఆయన్నే అడగండి. పెదవులు రెండు కదా అంటారేమో!