విజిటేషన్‌కి వెళితే పాప మాట్లాడటం లేదు: ఆ బెంచీ మీద కూర్చున్న పిల్లగా నా అనుభవం

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. పాపకి పదకొండేళ్లు. విడాకులయ్యాక రెండేళ్లుగా వాళ్లమ్మ దగ్గరే ఉంది. నెలకి రెండు శనివారాలు, కోర్టు ఆవరణలో మూడు గంటలు చూడొచ్చని (దాన్నే విజిటేషన్ అంటారు) కోర్టు ఆర్డర్ ఉంది. మీరు వెళితే పాప తల ఎత్తదు, పోయిన నెల "నువ్వు రావద్దు" అంది. వాళ్లమ్మ నూరిపోస్తోంది కాబట్టి పేరెంటల్ ఏలియనేషన్ (అమ్మో నాన్నో పిల్లల మనసుని రెండోవాళ్ల మీద విరిచేయడం) అని చెప్పి కస్టడీ పిటిషన్ వేయాలా, లేక పాప ప్రశాంతత కోసం కొన్నాళ్లు దూరంగా ఉండాలా?

నేను లాయర్ని కాను. మీ పాప స్థానంలో కూర్చున్నదాన్ని. రెండింటిలో ఏదీ చేయకండి అనేది నా జవాబు. ఎందుకో చెప్పాలంటే కొంచెం సొంత గోడు వినాలి.

2002లో అమ్మానాన్నా విడిపోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ నన్ను తీసుకుని ఏలూరులో తాతగారింటికి వచ్చేసింది. నాన్న ఉద్యోగం విశాఖపట్నంలో. నెలకి రెండు శనివారాలు, పది నుంచి ఒంటిగంట దాకా, కోర్టు ఆవరణలోనే చూడాలని ఆర్డర్. నాన్న రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున దిగి, స్టేషన్లోనే మొహం కడుక్కుని వచ్చేవాడు. చేతిలో మాడుగుల హల్వా డబ్బా ఉండేది. నాకు అదంటే ప్రాణం.

మొదటిసారి ఆ డబ్బా ఇంటికి తీసుకెళ్లాను. అమ్మమ్మ మూత తీసి వాసన చూసి "ఏం కలిపి పంపాడో" అంది. ఎవరూ పారేయలేదు. ఎవరూ తినలేదు కూడా. చీమలు పట్టేదాకా వంటింటి గట్టు మీద అలాగే ఉంది. ఆ మూడు రోజులూ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున్నే జడ వేసేటప్పుడు మాత్రం, రోజూ ఏదో ఒక కబురు చెప్పేది, చెప్పలేదు. నాకు విషయం అర్థమైపోయింది. తర్వాతి శనివారం నాన్న డబ్బా తీయగానే "నాకు హల్వా ఇష్టం లేదు" అన్నాను.

పెద్దయ్యాక ఆ కేసు కాగితాలు చదివాను. పాపకి ఎంతో ఇష్టమైన మిఠాయిని కూడా కాదనేలా తల్లి తర్ఫీదు ఇచ్చిందని నాన్న తరఫు అఫిడవిట్‌లో ఉంది. పాపే స్వయంగా వద్దందని, దానికి జవాబుగా అమ్మ వేసిన కౌంటర్‌లో ఉంది. జడ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

నూరిపోయడం అంటే రోజూ కూర్చోబెట్టి మీ నాన్న చెడ్డవాడు అని చెప్పడం అనుకుంటారు చాలామంది. అలాంటి ఇళ్లూ ఉంటాయి. మా ఇంట్లో అలా జరగలేదు. "మీ నాన్నతో మాట్లాడకు" అని అమ్మ ఒక్కసారి కూడా అనలేదు. ఇంటికి రాగానే అడిగే ప్రశ్నలు వేరు. ఏం పెట్టాడు? నా గురించి ఏమైనా అన్నాడా? ఆ చివరి ప్రశ్న మాత్రం చాలా మామూలుగా, బియ్యం ఏరుకుంటూ అడిగేది: "నవ్వావా?" అందుకే కోర్టు దగ్గర నవ్వడం మానేశాను. అబద్ధం చెప్పాల్సిన పని తప్పుతుంది కదా. ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఈ మధ్య అడిగితే "నేనేమన్నానే నిన్ను?" అంది. నిజంగానే ఏమీ అనలేదు.

2004లో జడ్జిగారు నన్ను ఛాంబర్‌లోకి పిలిచారు. మంచాయన, బిస్కెట్ ఇచ్చి "ఎవరి దగ్గర ఉంటావమ్మా?" అన్నారు. అమ్మ దగ్గర అన్నాను. నాన్నని చూడాలని ఉందా అంటే లేదన్నాను. తలుపు అవతల అమ్మ గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిల్లలు ఆలోచించి చెప్పగలిగే వయసులో ఉంటే వాళ్ల ఇష్టాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చెబుతుంది. పదకొండేళ్లకి నాకు ఆలోచన బాగానే ఉంది. సాయంత్రం ఏ ఇంట్లో అన్నం తినాలో తెలుసు.

ఇదంతా చదివి "చూశారా, నేను చెప్పిందే" అనుకుంటారేమో, ఆగండి. మా నాన్న వైపు కూడా చెప్పాలి. ఉన్న మూడు గంటల్లో అరగంట నా చదువు గురించి అడిగితే, మిగతాదంతా అమ్మ ఫోన్లో ఎవరితో మాట్లాడుతోంది, ఇంటికి ఎవరెవరు వస్తున్నారు అని కూపీ లాగేవాడు. నేను ఇద్దరికీ గూఢచారినే. ఒకసారి కోర్టు వరండాలో మామయ్య మీదకి చెయ్యెత్తాడు. అన్నిటికంటే పెద్ద తప్పు, "చూడనివ్వనప్పుడు డబ్బెందుకివ్వాలి" అని ఎనిమిది నెలలు భరణం ఆపేశాడు. ఫీజు కట్టలేదని స్కూల్లో నన్ను రెండు పీరియడ్లు నిలబెట్టారు. ఆ రోజు ఎవరూ నూరిపోయక్కర్లేకపోయింది.

మీ ప్రశ్నలో భరణం మాట లేదు. కడుతుంటే సంతోషం. ఆపి ఉంటే ముందు అది కట్టండి, తర్వాత మిగతాది చదవండి. విజిటేషన్ దక్కడం లేదని భరణం ఎగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు. పైగా ఆ ఒక్క పని అవతలి పక్షం వాదనని నిలబెట్టేస్తుంది.

ఇక ఆ పదం. పేరెంటల్ ఏలియనేషన్ సిండ్రోమ్ అని 1985లో అమెరికాలో రిచర్డ్ గార్డ్‌నర్ అనే సైకియాట్రిస్టు పేరు పెట్టాడు. అక్కడి మానసిక వైద్యులు వాడే జబ్బుల పట్టికలో, 2013లో వచ్చిన అయిదో కూర్పులో కూడా, దాన్ని జబ్బుగా చేర్చలేదు. మన సుప్రీంకోర్టు 2017లో ఒక తీర్పులో ఈ పదాన్ని ప్రస్తావించింది. ఆ కేసులో పాప పెరిగింది తండ్రి దగ్గర, కోర్టు తల్లికి అప్పగించింది. అంటే ఇది తల్లులు మాత్రమే చేసే పని అనుకోకూడదు. హింసించే తండ్రులు ఈ వాదనని తల్లుల మీద ఆయుధంలా వాడుతున్నారని 2023లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకురాలు హెచ్చరించారు. 2024లో సుప్రీంకోర్టు కూడా, ఫలానా రోజు ఫలానా పని చేశారని విడివిడిగా చూపించకుండా తల్లికో తండ్రికో ఈ ముద్ర వేసేయొద్దని కోర్టులకి చెప్పింది. కాబట్టి పిటిషన్లో ఆ ఇంగ్లీషు పదాన్ని పది చోట్ల రాయించుకుంటే బరువు పెరగదు. ఏ శనివారం ఎన్నింటికి తీసుకొచ్చారు, ఎవరు పక్కన కూర్చున్నారు, ఎన్నిసార్లు జ్వరం అని రాలేదు, ఏ ఫోన్ కాల్ ఎత్తలేదు అనేవి ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాసుకోండి. మీ కోపం మాత్రం అందులో రాయకండి.

కస్టడీ అడగొద్దని ఎందుకంటున్నానంటే, చట్టం అడ్డమై కాదు. అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఉంది, మీ పాప ఆ వయసు దాటింది. ఆ తర్వాత కోర్టు చూసేది పిల్ల క్షేమం. మీతో మూడు గంటలు కూర్చోలేకపోతున్న పిల్లని ఇల్లూ స్కూలూ మార్చి మీ దగ్గరికి పంపమంటే ఏ జడ్జి అయినా ఆలోచిస్తారు. దానికంటే ముఖ్యం, మీరు పిటిషన్ వేసిన సాయంత్రం ఆ ఇంట్లో పాప చెవిన పడే మాట ఏమిటో నాకు తెలుసు. "మీ నాన్న నిన్ను లాక్కెళ్లిపోతాడట." నేను విన్నాను ఆ మాట. రెండు వారాలు స్కూలుకి వెళ్లేటప్పుడు మామయ్య చెయ్యి వదల్లేదు. పాపని అక్కడ కొడుతున్నారనో, ప్రమాదం ఉందనో ఆధారం ఉంటే నా సలహా పక్కన పెట్టి వెంటనే లాయర్ని కలవండి. అది వేరే సంగతి.

లేనప్పుడు, ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనే అది మార్చమని అప్లికేషన్ వేయించండి. ఇలాంటి ఆర్డర్లు రాతిమీద గీతలు కావు, పిల్ల అవసరాన్ని బట్టి మారుస్తారు. మొదట చోటు మార్చమనండి. కోర్టు ఆవరణలో సంకెళ్లతో వచ్చేవాళ్లని చూస్తూ ఏ పిల్ల నవ్వుతుంది? పార్కో, లైబ్రరీయో, ఇద్దరికీ సమ్మతమైన బంధువుల ఇల్లో అడగండి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లోనే కౌన్సెలర్ల ఏర్పాటు ఉంది. పాపతో ఒక కౌన్సెలర్ విడిగా, వాళ్లమ్మా మీరూ ఇద్దరూ లేకుండా, నాలుగైదుసార్లు మాట్లాడేలా అడగండి. ఫోన్ సంగతి కూడా అడగండి. దూరంగా ఉన్న తల్లి లేదా తండ్రికి పిల్లలతో రోజూ అయిదు పది నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్లో మాకు అది ఉండుంటే మొహాలు మర్చిపోయేవాళ్లం కాదు.

దూరంగా ఉండటం గురించి. 2006లో నాన్న అదే చేశాడు. నాకు పదమూడేళ్లు. "నువ్వు రాకు, నాకు పరీక్షలున్నాయి" అన్నాను. నిజంగానే రావడం మానేశాడు. నెల తిరక్కుండానే అమ్మమ్మ "చూశావా, వదిలించుకున్నాడు" అంది. అప్పటిదాకా ఆవిడ చెప్పినవాటిలో నేను సగమే నమ్మేదాన్ని. రావద్దు అన్నది నేనే అయినా, వస్తాడేమో అని చూసింది కూడా నేనే. ఇలాంటివి పిల్లలు నోటితో చెప్పరు.

2012లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు నేనే ఆయన ఆఫీసు అడ్రసుకి ఉత్తరం రాశాను. విశాఖలో బీచ్ రోడ్డులో కలిశాం. ఆ ఆరేళ్లలో ఒక్క కార్డు ముక్క కూడా ఎందుకు రాయలేదు అని అడిగితే "నీకు ఇబ్బందని" అన్నాడు. అక్కడే గొడవ పడ్డాను. చేతులు ఖాళీగా వచ్చాడు. హల్వా తేలేదేం అంటే "నీకు ఇష్టం లేదుగా" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇప్పుడు వారానికోసారి ఫోన్ చేసుకుంటాం, ఎక్కువగా బీపీ మాత్రల గురించి. అంతకంటే దగ్గరవుతామని నేను అనుకోవడం లేదు.

కాబట్టి వచ్చే శనివారం వెళ్లండి. పాప మాట్లాడకపోతే మాట్లాడమని బతిమాలకండి. అమ్మ గురించి ఒక్క ప్రశ్న కూడా వద్దు. నోరు విప్పకుండా ఇద్దరూ చేయగలిగేది ఏదైనా పట్టుకెళ్లండి, చదరంగం బోర్డో, రంగు పెన్సిళ్లో. ఇంటికి తీసుకెళ్లాల్సిన వస్తువు ఏదీ ఇవ్వకండి, దాని లెక్క ఆ పిల్ల ఇంట్లో చెప్పుకోవాలి. ఉన్న మూడు గంటలూ కూర్చోండి. "రావద్దు" అంటే "సరేనమ్మా, ఇవాళ్టికి వెళ్తాను. మళ్లీ మన శనివారానికి వస్తా" అనండి, రండి.

పుట్టినరోజు వచ్చే నెల అన్నారు. కార్డు స్పీడ్ పోస్టులో పంపండి. అందులో కేసు మాట, అమ్మ మాట, "నువ్వు లేక బతకలేకపోతున్నా" లాంటి మాట రాయకండి. మీ వీధిలో కుక్క పిల్లలు పెట్టిందనో, మీకు సాంబారు మాడిపోయిందనో రాయండి. ఫోటో తీసి దగ్గర ఉంచుకోండి. అవతల ఆ కార్డు చించేయొచ్చు. పద్ధెనిమిదేళ్లు నిండాక పాప అడిగితే, చూపించడానికి ఆ ఫోటో ఉంటుంది.