మావాడు యూదుల ఫ్రటర్నిటీలో చేరతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో డిగ్రీ చదువుతున్నాడు. జీటా బీటా టౌ అనే ఫ్రటర్నిటీలోకి (కాలేజీ కుర్రాళ్ల సంఘం) రమ్మన్నారట, అది యూదులు పెట్టిందట. మేం హిందువులం. మతం మార్చేస్తారా, ర్యాగింగ్ చేస్తారా అని నాకు ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మతం గురించి భయపడకండమ్మా. 1954లోనే ఆ సంఘం ఏ మతం వాళ్లయినా చేరొచ్చని నిర్ణయం తీసుకుంది. నాకు దాని మీద గౌరవం కలిగింది కూడా అందుకే, ఎందుకంటే అది పుట్టిందే తలుపులు మూసుకుపోయిన రోజుల్లో. అప్పట్లో అమెరికా కాలేజీల్లో చాలా ఫ్రటర్నిటీలు యూదు కుర్రాళ్లని గుమ్మం కూడా తొక్కనిచ్చేవి కావు. 1898 డిసెంబరు 29న న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ రిచర్డ్ గాథైల్ చొరవతో కొందరు యూదు విద్యార్థులు ఒక సంఘం పెట్టుకున్నారు. 'న్యాయం వల్ల సీయోనుకు విమోచనం కలుగుతుంది' అన్న బైబిల్ యెషయా గ్రంథంలోని మాట హీబ్రూలో 'త్సియోన్ బెమిష్పాత్ తిపాదె'. ఆ మూడు మాటల మొదటి అక్షరాలే తర్వాత గ్రీకులో జీటా, బీటా, టౌ అయ్యాయి.

1913లో పుట్టిన 'ఆల్ఫా ఎప్సిలాన్ పై' అనే ఇంకో యూదు ఫ్రటర్నిటీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. న్యూయార్క్ యూనివర్సిటీలో చార్లెస్ మాస్కోవిట్జ్ అనే కుర్రాణ్ని ఒక ఫ్రటర్నిటీ పిలిచింది, మరి నా యూదు స్నేహితులో అని అడిగితే నీ ఒక్కడికే అన్నారు. అతను వెళ్లలేదు, ఇంకో పదిమందితో కలిసి సొంతంగా మొదలుపెట్టాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు సత్యనారాయణపురం గుర్తొస్తుంది. చదువుకునే రోజుల్లో గది అద్దెకు అడగడానికి వెళ్తే, ఆ ఇంటాయన మంచినీళ్లు ఇచ్చి, ఊరడిగి, పేరడిగి, చివరికి "మీరేమిట్లు?" అన్నాడు. చెప్పాక గది ఖాళీ లేదన్నాడు. టులెట్ బోర్డు మాత్రం గేటుకి అలాగే వేలాడుతోంది.

ఇక ర్యాగింగ్. కొత్తవాళ్లని కొన్నాళ్లు తక్కువ హోదాలో ఉంచి పరీక్షించే పద్ధతిని జీటా బీటా టౌ 1989లోనే తీసేసింది. కానీ కాగితం మీద ఒకటి, ఆ ఇంట్లో ఒకటి జరగొచ్చు, అందుకని వాళ్ల కాలేజీ బ్రాంచి ఎలాంటిదో చూసుకోవాలి. 2024 చివర్లో అమెరికాలో వచ్చిన చట్టం ప్రకారం, ర్యాగింగ్ చేసినట్టు తేలిన సంఘాల వివరాలు కాలేజీలు బయటపెట్టాలి, అబ్బాయిని వాళ్ల కాలేజీ వెబ్‌సైట్ చూడమనండి. చందా ఎంతో కూడా ముందే కనుక్కోమనండి.