జెర్బిల్ ముక్కు దగ్గర ఎర్రగా ఉంటే అది రక్తమేనా? అమోక్సిసిలిన్ చుక్క వేయొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా పాపకి తొమ్మిదేళ్లు. తన పుట్టినరోజుకి మూడు వారాల కిందట పెట్ షాప్‌లో రెండు ఆడ జెర్బిల్ (ఎలుక లాంటి చిన్న పెంపుడు జంతువు) పిల్లలు కొన్నాం. అక్కాచెల్లెళ్లని చెప్పారు. ఇప్పుడు ఏడెనిమిది వారాల వయసు ఉంటుంది. వాటిలో చిన్నది నాలుగు రోజులుగా తుమ్ముతోంది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ అని వినిపిస్తోంది. నిన్నటి నుంచి ముక్కు చుట్టూ ఎండిన రక్తంలా ఎర్రగా ఉంది. తిండి తగ్గింది. రెండోదానికి అంటకూడదని దీన్ని షూ బాక్స్‌లో వేరే గదిలో పెట్టి, పక్కన హ్యుమిడిఫైయర్ ఆన్ చేశాం. పాప కొంచెం విక్స్ కూడా రాసిందట. ఇండియా నుంచి తెచ్చుకున్న అమోక్సిసిలిన్ పిల్లల సిరప్ ఉంది, ఒక చుక్క వేయొచ్చా? ఇక్కడ వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి వెళ్తే జెర్బిల్ ఖరీదుకి ఎన్నో రెట్లు అవుతుంది. ఇది పాపకి అంటుతుందా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ముందు సిరప్ సంగతి. వేయకండి. ఒక్క చుక్క కూడా వద్దు.

చుక్కే కదా, తక్కువ మోతాదే కదా అనిపిస్తుంది. ఇక్కడ సమస్య మోతాదు కాదు, మందే. ఇంత చిన్న జంతువుల పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాను అమోక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు తుడిచిపెట్టేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం రకం బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది. హ్యామ్‌స్టర్లకు, గినీపిగ్‌లకు ఇది బాగా తెలిసిన ప్రమాదం. జెర్బిల్‌నీ మేం పశువైద్యులం అదే జాబితాలో పెట్టుకుంటాం. నేను హైదరాబాద్‌లో ఎక్కువగా చూసేది హ్యామ్‌స్టర్లనే. ఆ మధ్య ఒక కాలేజీ కుర్రాడు తెచ్చిన హ్యామ్‌స్టర్‌కి జలుబు తగ్గిపోయింది, తోక కింద మాత్రం తడి తడిగా ఉంది. ఏం వేశావని అడిగితే ఇంట్లో చెల్లెలికి మిగిలిన యాంటీబయాటిక్ అన్నాడు. దాన్ని బతికించలేకపోయాను. మన పశువులకు పెన్సిలిన్‌తో కలిపి పొడిచే స్ట్రెప్టోమైసిన్ అయితే ఇంకా ఘోరం. జెర్బిల్‌కి కండరాలు పట్టు తప్పి ఊపిరే ఆగిపోతుంది.

ఇక మిమ్మల్ని బాగా భయపెట్టిన ఎరుపు. అది చాలావరకు రక్తం కాదు. జెర్బిల్ కంటి వెనక హార్డేరియన్ గ్రంథి అని ఒకటి ఉంటుంది. దాని నుంచి పోర్ఫిరిన్ అనే ఎర్రటి రంగు పదార్థం ఊరి ముక్కు దాకా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న జెర్బిల్ ఎప్పటికప్పుడు మూతి తుడుచుకుంటుంది కాబట్టి మన కంట పడదు. ఒంట్లో బాగోనప్పుడు తుడుచుకునే ఓపిక ఉండదు, అదే ముక్కు చుట్టూ పేరుకుపోతుంది. తడి దూది పుల్లతో మెల్లగా అద్దండి. చర్మం మీద పుండు లేకుండా ఎరుపు వచ్చేస్తే అది పోర్ఫిరినే. కింద పుండు ఉంటే ఆ మాట వెట్‌కి విడిగా చెప్పండి, ముక్కు చర్మానికి కూడా ఇన్ఫెక్షన్ సోకుతుంది. ఎరుపు రోగం కాదు గానీ, రోగం ఉందని చెప్పే గుర్తు. దానికి తుమ్ములు, టిక్ టిక్, తిండి తగ్గడం కలిస్తే శ్వాసనాళాల ఇన్ఫెక్షన్ అనే అనుకోవాలి. పెద్ద జెర్బిల్ ఒకటి రెండుసార్లు తుమ్మి ఊరుకుంటే నేనూ రెండు రోజులు చూద్దామనేవాణ్ణి. ఎనిమిది వారాల పిల్లకి నాలుగు రోజులంటే ఎక్కువ. రొంప నెమ్ములోకి దిగడానికి అంతకంటే టైమ్ పట్టదు.

వెట్ దగ్గరికి వెళ్లేలోపు ఈ రాత్రికి చేయాల్సినవి ఉన్నాయి.

హ్యుమిడిఫైయర్ ఆపేయండి. పిల్లలకు జలుబు చేస్తే ఆవిరి పడతాం కాబట్టి మీకు అలా తోచి ఉంటుంది. జెర్బిల్ మంగోలియా గడ్డి మైదానాల ప్రాణి, పొడి గాలికి అలవాటు పడిన జాతి. ఇప్పుడు అమెరికా ఇళ్లలో పెరుగుతున్న వాటికి మూలం 1954లో జపాన్ నుంచి తెప్పించిన కొన్ని జంటలు. ఇన్ని తరాలు గడిచినా ఆ తత్వం పోలేదు. గాలిలో తేమ 50 శాతం దాటితే బొచ్చు జిడ్డుగా నిక్కబొడుచుకుంటుంది, ముక్కు పుండ్లూ పెరుగుతాయి. విక్స్‌లో కర్పూరం, మెంథాల్, యూకలిప్టస్ ఉంటాయి. ఆ ఘాటు దాని ఊపిరితిత్తులకు చెరుపు. పైగా కాళ్లతో తుడుచుకుని నాకేస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగా ఆరనివ్వండి. స్నానం చేయించకండి. పాపని మాత్రం తిట్టొద్దు. మనింట్లో ఎవరికి తుమ్ము వచ్చినా మనం చేసేది అదే, చూసి నేర్చుకుంది.

షూ బాక్స్ నుంచి తీసి అక్క దగ్గర పెట్టేయండి. ఇన్నాళ్లూ ఒకే గూట్లో ఉన్నాయి, అంటాల్సింది ఈపాటికే అంటి ఉంటుంది. జెర్బిల్స్ ఒకదాని మీద ఒకటి పడుకుని వెచ్చదనం పంచుకుంటాయి. ఒంటరిగా పెడితే జబ్బు పిల్లకి చలి, దిగులు రెండూ. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇవి ఒకదాన్నొకటి వాసనతో గుర్తుపడతాయి. కొన్నాళ్లు విడదీసి మళ్లీ కలిపితే పరాయిదనుకుని రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి. వయసు పెరిగేకొద్దీ ఇది ఎక్కువ. మీవి ఒకటి రెండు రోజులే కాబట్టి కలుస్తాయి, అయినా మొదటి గంటసేపు పక్కనే ఉండి చూడండి. అక్క దీన్ని తరుముతూ, తిండి దగ్గరికి రానివ్వకపోతే అప్పుడు మాత్రం మధ్యలో జల్లెడ గోడ పెట్టి, వాసన తగిలేలా పక్కపక్కన ఉంచండి.

కేజ్‌లో ఏం పరిచారో మీరు రాయలేదు. పైన్ లేదా సీడర్ పొట్టు అయితే ఈ రోజే తీసేయండి. వాటి వాసన మనకు బాగుంటుంది గానీ ఆ నూనెలు ముక్కుని, గొంతుని మండిస్తాయి. కాగితంతో చేసిన బెడ్డింగ్ గానీ, దుమ్ము లేని యాస్పెన్ పొట్టు గానీ వేయండి. ఇసుక స్నానం గిన్నె తగ్గేదాకా బయటే. కేజ్ వంటింటి పక్కన ఉందా? ఎండుమిర్చి తాళింపుకి మనకే దగ్గు వస్తుంది, గోలీ అంత ఊపిరితిత్తులకు ఎలా ఉంటుందో చూడండి. అగరుబత్తి, సాంబ్రాణి, ప్లగ్‌లో పెట్టే సెంట్లు ఏవీ ఆ గదిలో వద్దు. హీటర్ గాలి నేరుగా తగిలే చోటు కూడా మార్చండి. వెచ్చదనం 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. హీటింగ్ ప్యాడ్‌ని తక్కువ వేడి మీద పెట్టి, కేజ్ బయట అడుగున సగం వరకే ఉంచండి. వేడి ఎక్కువైతే అది జరిగి కూర్చోవడానికి రెండో సగం ఉండాలి.

వంటింట్లో గ్రాములు చూపించే కాటా ఉంటుంది కదా, దాని మీద చిన్న గిన్నె పెట్టి రోజూ ఒకే వేళకు తూచి రాయండి. ఈ వయసులో బరువు రోజురోజుకీ పెరగాలి. 45 గ్రాముల పిల్ల 41కి వచ్చిందంటే మనిషి లెక్కలో చాలా పెద్ద తగ్గుదల. ఎప్పుడూ తినే గింజలు, నీళ్లలో మెత్తబెట్టిన పెల్లెట్లు, ఉడికిన గుమ్మడికాయ గుజ్జు రవ్వంత, పచ్చి ఓట్స్ ముందు పెట్టండి. నోట్లోకి సిరంజితో బలవంతంగా కొట్టొద్దు. ఊపిరాడని జంతువుకి పొలమారిందంటే చేతిలోనే పోతుంది.

ఖర్చు గురించి మీరు దాచకుండా రాశారు, నేనూ సూటిగానే చెప్తాను. చూపించకుండా ఇది తగ్గుతుందని నేను అనలేను. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే వెట్ దగ్గరికి వెళ్తే డబ్బు వృథా కావచ్చు. చిన్న జంతువులు చూసే వాళ్లను అక్కడ ఎగ్జోటిక్ వెట్ అంటారు. అసోసియేషన్ ఆఫ్ ఎగ్జోటిక్ మ్యామల్ వెటర్నేరియన్స్ వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరుతో వెతకొచ్చు. ఫోన్‌లోనే పరీక్ష ఫీజు ఎంతో కనుక్కోండి. మా బడ్జెట్ ఇంత, ముందు విని చూసి మందు ఇస్తారా, ఎక్స్‌రే తప్పనిసరా అని అడగండి. అలా అడగడం నామోషీ కాదు, మా దగ్గర రోజూ అడుగుతారు. మందు మాత్రం షాపులో దొరకదు. 2023 జూన్ నుంచి అమెరికాలో జంతువుల ముఖ్యమైన యాంటీబయాటిక్స్ అన్నిటికీ వెట్ చీటీ కావాల్సిందే.

వెళ్లే ముందు ఫోన్‌లో వీడియో తీయండి. క్లినిక్‌లో బెదిరిపోయి టిక్ టిక్ ఆపేస్తుంది, అప్పుడు డాక్టర్‌కి మీ మాటే ఆధారం. పడుకున్నప్పుడు పక్క నుంచి స్లో మోషన్‌లో తీస్తే డొక్కలు కదలడం లెక్కపెట్టొచ్చు. నిమిషానికి 70 నుంచి 120 దాకా మామూలే. కారుని ముందే వేడెక్కించి, అక్కని కూడా అదే డబ్బాలో తీసుకెళ్లండి. నీళ్ల సీసా కారి పక్క తడుస్తుంది, దాని బదులు కీరదోస ముక్క వేయండి.

సాధారణంగా ఎన్రోఫ్లాక్సాసిన్ లేదా డాక్సీసైక్లిన్ లాంటివి ఇస్తారు. ఎదిగే పిల్లల్లో మొదటిది కీళ్లకు, రెండోది పళ్లకు ఇబ్బంది కావచ్చు కాబట్టి ఏది మేలన్నది చేత్తో పట్టి చూసిన డాక్టరే తేల్చాలి. మందుని నీళ్ల సీసాలో కలిపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. జెర్బిల్ రోజుకి తాగేదే నాలుగైదు మిల్లీలీటర్లు, చేదు తగిలితే అదీ మానేస్తుంది. సూది లేని సన్నని సిరంజితో, ముందు పళ్ల పక్క నుంచి, ఒక్కో బొట్టూ అది నాకేదాకా ఆగి వేయండి. తోక పట్టుకుని ఎత్తకండి, తోలు ఊడి చేతిలోకి వస్తుంది. పట్టుకున్నప్పుడు ఉన్నట్టుండి బిగుసుకుపోయి చెవులు, మీసాలు అదిరితే అది మూర్ఛ. ఈ జాతికి రెండు మూడు నెలల వయసులో అది మొదలవడం మామూలే. కింద వదిలి లైటు తగ్గించండి, నిమిషం రెండు నిమిషాల్లో తేరుకుంటుంది. శబ్దం ఆగిందని మందు మధ్యలో మానొద్దు. వారం దాటి వాడాల్సి వస్తే కొత్త బరువు చెప్పి మోతాదు సరిచూడమనండి.

నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాదాలు చల్లబడి నీలంగా మారినా, ఉదయం పెట్టింది సాయంత్రానికి ముట్టకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. ఎమర్జెన్సీకి వెళ్లండి.

పాపకి ఈ జబ్బు అంటుకునే అవకాశం బాగా తక్కువ. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగితే చాలు, ముద్దులు మాత్రం వద్దు. తనకే జలుబు ఉంటే కొన్నాళ్లు మందు మీరే వేయండి. పెద్దది ఇంకా బాగానే ఉంది కదా అని దానికి ముందు జాగ్రత్తగా మందు వేయకండి. దాని బరువు కూడా పక్క వరుసలో రాస్తూ ఉండండి. అదీ తుమ్మడం మొదలుపెడితే చీటీ రాసిన డాక్టర్‌కే ఫోన్ చేయండి.